కోతకి వచ్చిన అతిథులు

"రేపు పొద్దున నిన్ను ఉరి తీస్తారనుకో. ఆఖరి కోరికగా ఒక్క గ్లాసు రెడ్ వైన్ ఇస్తామన్నారు. ఏది అడుగుతావురా?" అన్నాడు ద్రాక్షతోట యజమాని రెజీస్, సీసా మూతి గుడ్డతో తుడుస్తూ.

ఫ్రాన్స్‌లోని అతని ఇంట్లో, శుక్రవారం సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఈ ఆట ఏటా ఉండేదే. ల్యోన్ నుంచి వచ్చిన లాయరుగారు ఆలోచించకుండా బర్గండీ అన్నాడు. ఆయన భార్య ఇటలీవాళ్ళ బరోలో అంది. పెళ్ళయిన కొత్తలో తాగిందట, ఆ రుచి మొగుడి మాటలకంటే బాగా గుర్తుందట. అందరూ నవ్వారు. యోరిస్ వంతు వచ్చేసరికి అతని భార్య లీస్బెట్ "ఇతన్ని అడగడం దేనికి, నేను చెప్తాగా" అంది.

"నువ్వు చెప్పకు. నేనే చెప్పాలి" అన్నాడు యోరిస్. గ్లాసు ఎత్తి దీపానికి అడ్డంగా పట్టుకున్నాడు. బెల్జియంలోని గెంట్ నగరంలో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి అతను. దేన్నయినా వెలుతురుకి ఎత్తి చూడటం అలవాటు. "నీ వైనే. వడగళ్ళు పడిన ఏడాది నీ పాత ద్రాక్ష మొదళ్ళ నుంచి తీసిన ఎరుపు. మొదటి గుక్కకి మొహం తిప్పుకుంటుంది. రెండో గుక్కకి ఎవరు నువ్వు అంటుంది. మూడో గుక్కకి గానీ కుర్చీ వెయ్యదు."

రెజీస్ సీసా కింద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అతని తల రెండు చేతుల్లోకీ తీసుకుని నుదుటిమీద ముద్దు పెట్టాడు. "బీరు తాగే ఊళ్ళో పుట్టి నీకీ నాలుక ఎక్కణ్ణించి వచ్చిందిరా!"

యోరిస్‌కి చెవులు వేడెక్కాయి. గెంట్‌లో అతని వెనకాల ఒక చిన్న మిత్రబృందం ఉంది. రెజీస్ వైన్ వాళ్ళందరి ఇళ్ళకీ అతని చేతిమీదుగానే చేరుతుంది. రెజీస్ స్నేహితుడు అన్న పేరు అతనికి ఒక బిరుదులాంటిది.

ఇన్నేళ్ళుగా ఈ అతిథులు వసంతంలోనే వచ్చేవాళ్ళు. కోతలవేళ రావడం ఇదే మొదటిసారి. "రేపు మీచేత కూడా కోయిస్తా. టోపీలు సిద్ధం చేయించాను" అన్నాడు రెజీస్. కిటికీ అవతల, షెడ్డు వెనక వేసిన గుడారాల నుంచి రేడియో పాట సన్నగా వినిపిస్తోంది. ఎవరు వాళ్ళు అని లాయరుగారి భార్య అడిగితే, "బల్గేరియావాళ్ళు. మేస్త్రీ ఒకడు తెస్తాడు, కోత అవగానే తీసుకుపోతాడు. చాలా మంచి పనివాళ్ళు" అని రెజీస్ మళ్ళీ సీసా అందుకున్నాడు.

*

తెల్లవారేసరికి ఉత్తరపు గాలి పూర్తిగా ఆగిపోయింది. ఆ గాలి వీస్తుంటే తిట్టుకునే ఊరు, ఆగితే వాన వస్తుందని ఇంకా భయపడుతుంది. ఆదివారం సాయంత్రానికి తుఫాను అన్నారు. నానిపోతే పళ్ళు పగులుతాయి కాబట్టి పాత మొదళ్ళున్న తోటముక్క మొత్తం శనివారమే కోసెయ్యాలని రెజీస్ పట్టుదల.

అతిథులకి గడ్డిటోపీలూ, కొత్త కత్తెరలూ ఇచ్చారు. ఒక్కో సాలుకి ఇద్దరు, చెరో వైపూ. యోరిస్‌కి అవతలి వైపు దిమ్చో అనే మనిషి పడ్డాడు. యాభై దాటి ఉంటాయి. ఆకుల సందున అతని చేతులు తప్ప మనిషి సరిగ్గా కనిపించేవాడు కాదు. ఎడమచేత్తో గుత్తిని కింద నుంచి అరచేతిలోకి తీసుకోవడం, కుడిచేత్తో తొడిమ కత్తిరించడం, బక్కెట్లో పడెయ్యకుండా దించడం. యోరిస్ ఒక మొదలు పూర్తిచేసేలోపల ఆ చేతులు రెండు మొదళ్ళు దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, యోరిస్ వదిలేసిన గుత్తుల్ని ఆకుల కింద నుంచి చప్పుడు లేకుండా కోసుకుని పోయేవి. ఒకసారి యోరిస్ వేలు తెగింది. అవతల నుంచి ఒక నవ్వూ, ఒక అర్థంకాని మాటా వినిపించాయి. పక్క సాలులో ఉన్న దిమ్చో భార్య రాద్కా వచ్చీరాని ఫ్రెంచిలో ఆ మాట అందించింది. "ద్రాక్ష చాలు, వేళ్ళు వద్దు అంటున్నాడండీ." యోరిస్ కూడా నవ్వాడు. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. రక్తమూ, ద్రాక్షరసమూ కలిసి తియ్యగా ఉంది.

అతిథుల కోత ఎక్కువసేపు సాగలేదు. ఎండ మెడమీద కూర్చోగానే ఒక్కొక్కరే టోపీతో విసురుకుంటూ మల్బరీ చెట్టు కిందికి చేరారు. అక్కడ తెల్లగుడ్డ పరిచిన బల్లమీద రొట్టె, మాంసం ముక్కలు, మేకపాల జున్ను, మంచులో పెట్టిన గులాబీరంగు వైన్. కోతగాళ్ళ నీళ్ళు సాలు చివర నిలబెట్టిన ట్రాక్టరు తొట్టిమీద ఉన్నాయి. పెద్ద పసుపు క్యాన్, దానికి కుళాయి, కుళాయికి దారంతో కట్టిన ఒక రేకు గ్లాసు.

బల్లమీద నీళ్ళసీసాలు అయిపోయాయి. యోరిస్‌కి కళ్ళముందు నల్లచుక్కలు ఆడుతున్నాయి. తోటపని అంతా చూసే గాస్పార్ అటు వెళ్తుంటే పిలిచాడు. "గాస్పార్, కాసిని నీళ్ళు దొరుకుతాయా?"

గాస్పార్ ఇంటివైపు చూశాడు. దూరం. సాళ్ళవైపు చూశాడు. తరవాత ట్రాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ పసుపు క్యాన్‌ని భుజానికెత్తుకుని వచ్చి బల్ల పక్కన స్టూలుమీద పెట్టాడు. "తాగండి సార్. మళ్ళీ నింపి పెడతాలే."

యోరిస్ వరసగా రెండు గ్లాసులు తాగాడు. లీస్బెట్ ద్రాక్షజిగురుతో అంటుకుపోయిన చేతుల్ని కుళాయి కింద పెట్టి మోచేతులదాకా కడుక్కుని, మెడ తడుపుకుని, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంది. లాయరుగారు రుమాలు తడిపి నెత్తిన వేసుకున్నాడు. అంతలో వైన్ తయారుచేసే నేలమాళిగ, సెల్లారు నుంచి ఎవరో కేకేశారు. ద్రాక్ష పిండే యంత్రం ఇరుక్కుపోయిందట. గాస్పార్ పరుగెత్తాడు.

కాసేపటికి దిమ్చో సాలు దాటి ట్రాక్టరు దగ్గరికి రావడం యోరిస్ చూశాడు. క్యాన్ ఉండాల్సిన చోట ఒక గుండ్రటి తడి మరక ఉంది. దిమ్చో తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాల కింద చూశాడు. చెట్టు కిందికి చూశాడు. అక్కడ స్టూలుమీద పసుపు క్యాన్ ఉంది, దాని పక్కన రెజీస్ నిలబడి ఏదో కథ చెబుతున్నాడు, అందరూ వింటున్నారు. దిమ్చో రెండడుగులు ముందుకి వేసి ఆగాడు. ప్యాంటుకి చేతులు తుడుచుకున్నాడు. తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గరికి రావచ్చో లేదో తేల్చుకోలేకపోయినట్టున్నాడు. వెనక్కి తిరిగి సాలులోకి వెళ్ళిపోయాడు.

'లేచి ఆ క్యాన్ తీసుకెళ్ళి ఇవ్వాలి' అనుకున్నాడు యోరిస్. ఆ క్షణంలోనే రెజీస్ అతనివైపు తిరిగి, "మా యోరిస్‌నే అడగండి, అతనికి తెలుసు" అన్నాడు. అందరి మొహాలూ అతనివైపు తిరిగాయి. యోరిస్ నవ్వి ఏదో జవాబు చెప్పాడు. క్యాన్‌లో నీళ్ళు కూడా అడుగంటాయి. గాస్పార్ నింపుతాడుగా అనుకున్నాడు.

భోజనాలయ్యాక లాయరు దంపతులు ఇంకో తోట చూడాలని వెళ్ళిపోయారు. సాళ్ళలో కత్తెరల చప్పుడు ఆగలేదు. ఎండ తెల్లగా మారింది. యోరిస్ చెట్టు కింద కుర్చీలో కునికిపాట్లు పడుతుండగా రాద్కా కేక వినిపించింది.

దిమ్చో రెండు మొదళ్ళ మధ్య పక్కకి ఒరిగి పడున్నాడు. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. ఒంటిమీద చెమట చుక్క లేదు. చర్మం కాలిన పెనంలా ఉంది. పెదాలు కదులుతున్నాయి గానీ ఆ మాటలు రాద్కాకి కూడా అర్థం కావడం లేదు.

"నీడకి లాగండి. ఏం కాదు. నిన్న సాయంత్రం బాగా పట్టించి ఉంటాడు" అన్నాడు రెజీస్.

"ఈయన తాగడండీ! అసలు ముట్టుకోడు!" అని రాద్కా అరిచింది.

లీస్బెట్ అప్పటికే ఫోనులో మాట్లాడుతోంది. "అంబులెన్స్ ఎందుకు లీస్బెట్, నా బండిలో దించేస్తాను కదా" అని రెజీస్ చెయ్యి చాపాడు. ఆవిడ వీపు తిప్పుకుని దారి చెబుతూనే ఉంది.

అంబులెన్స్‌లో వచ్చినవాళ్ళు వడదెబ్బ అన్నారు, గట్టిగానే తగిలింది అన్నారు. బండిలో వాళ్ళకే చోటు చాలదని రాద్కాని ఎక్కించుకోలేదు. పని అవగానే నేను తీసుకెళ్తా అన్నాడు గాస్పార్. పని అయ్యేసరికి సాయంత్రమైంది. ఇప్పుడు వెళ్ళినా చూడనివ్వరు, రేపు వెళ్దాం అన్నాడు. పాత మొదళ్ళ కోత మాత్రం పూర్తయింది.

*

చీకటి పడకముందే రెజీస్ యోరిస్‌ని సెల్లారులోకి పిలిచాడు. లోపల చల్లగా, పులుస్తున్న ద్రాక్ష వాసనతో ఉంది. రెజీస్ ఒక పీపా మూత తీసి, గాజుగొట్టంతో వైన్ లాగి గ్లాసులో వదిలాడు.

"ఇది పోయినేడాదిది. ఇంకా ఎవరికీ రుచి చూపించలేదు."

యోరిస్ తాగాడు. చాలా బాగుంది. బాగుండకపోతే తేలిగ్గా ఉండేదేమో అనిపించింది.

"ఆసుపత్రివాళ్ళు పోలీసులకి చెప్పారట. రేపు పొద్దున వస్తారు. ఎండలో పనిచేయించావా, నీళ్ళున్నాయా, నీడ ఉందా, అన్నీ అడుగుతారు" అన్నాడు రెజీస్. పీపామీద బొటనవేలితో రుద్దుతున్నాడు. "క్యాన్ ట్రాక్టరుమీద ఉందా లేదా? పొద్దున నువ్వు చూశావుగా?"

"చూశాను."

"అంతే. ఆ ఒక్కమాట చెప్పు. అబద్ధం చెప్పమనట్లేదు. నా దగ్గర పనిచేసేవాడు చెప్తే నమ్మరు. నువ్వు బయటివాడివి, పెద్దమనిషివి."

"తరవాత గాస్పార్ దాన్ని..."

"తరవాత మళ్ళీ నింపి పెట్టానంటున్నాడు. వాడు నా దగ్గర అబద్ధం ఆడడు." రెజీస్ గొంతు తగ్గింది. "ఒరేయ్, పోయినేడాది మంచు పంటలో సగం తినేసింది. అంతకుముందు ఎండ. ఇప్పుడిది గనక పేపర్లో పడితే తోట ఉండదు. మా నాన్న నాటిన మొదళ్ళురా అవి. దిమ్చోకి నా పూచీ. ఆసుపత్రి సంగతి నేను చూసుకుంటా. దేవుడి మీద ఒట్టు."

అతని కళ్ళలో నీళ్ళు నిజమైనవే. యోరిస్ గ్లాసు ఖాళీ చేశాడు. "చూశాను, ఆ మాట చెప్తా" అన్నాడు.

ఆదివారం పొద్దున యోరిస్ పెరట్లోకి వచ్చేసరికి రాద్కా కుళాయి దగ్గర దిమ్చో చొక్కా ఉతుకుతోంది. అతన్ని చూసి చేతులు దులుపుకుని దగ్గరికి వచ్చింది. ఇటూ అటూ చూసి, "అయ్యా, నీళ్ళున్నాయనే చెప్పండి" అంది.

యోరిస్ నిర్ఘాంతపోయాడు. "నువ్వూ అదే అంటావేంటమ్మా? ఆయన పడిపోయింది..."

"తెలుసండీ. నాకూ నాలుక పిడచకట్టుకుపోయింది కదా." ఆమె మాటలకోసం వెతుక్కుంటోంది. "గొడవైతే కోత ఆపేస్తారు. అందర్నీ బండెక్కించి పంపేస్తాడు మేస్త్రీ. నీ మొగుడి వల్లే అంటారు మావాళ్ళు. వచ్చే ఏడు ఎవడూ పిలవడు. దండం పెడతా, నీళ్ళున్నాయనండి."

అతను తల ఊపాడో లేదో అతనికే తెలియదు. గదిలోకి వెళ్తే లీస్బెట్ బట్టలు సర్దుతోంది. మంచం అంచున కూర్చుని చెప్పాడు. ట్రాక్టరుమీద తడి మరక, చక్రాల కింద వెతికిన మనిషి, రెజీస్ మాట, రాద్కా మాట. లీస్బెట్ మడతపెడుతున్న గౌను చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఆ క్యాన్... వాళ్ళదా?"

"ఊఁ."

"నేను దాంతో చేతులు కడుక్కున్నాను యోరిస్."

ఏం చెయ్యమంటావు అని అతను అడిగితే, గౌను పెట్టెలో పెట్టి మూత మూసింది. "నన్నడక్కు. నేనేమన్నా సరే, రేపు నామీదికి తోసేస్తావు."

పోలీసులు ఇద్దరు వచ్చారు. మాట్లాడింది ఒక పడుచు పిల్ల. జుట్టు బిగించి ముడివేసుకుంది. వరండాలో కుర్చీ వేసుకుని యోరిస్‌ని ఎదురుగా కూర్చోమంది. రెజీస్, గాస్పార్ మెట్లకింద కారుకి ఆనుకుని నిలబడ్డారు, మాటలు వినపడేంత దూరంలోనే. ఇంకా అవతల, గోడమీద కోతగాళ్ళు వరసగా కూర్చున్నారు. చివర రాద్కా.

"సాళ్ళ దగ్గర తాగడానికి నీళ్ళు చూశారాండీ?"

"చూశాను. పసుపు క్యాన్. ట్రాక్టరుమీద ఉంది."

రెజీస్ ఊపిరి వదలడం వినిపించింది. ఆ పిల్ల రాసుకుంది. "నిండుగా ఉందా?"

"పొద్దున నిండుగానే ఉంది."

"సరేనండీ." ఆమె పేజీ తిప్పింది. అక్కడితో అయిపోయేదే. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. లేచి వెళ్ళి కారెక్కితే రాత్రికి గెంట్ చేరుకుంటారు. యోరిస్ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"తరవాత ఆ నీళ్ళు మేం తాగేశాం" అన్నాడు.

ఆమె తలెత్తింది. "ఎవరు?"

"మేం. చెట్టు కింద కూర్చున్న అతిథులం. క్యాన్ మా దగ్గరికి వచ్చింది. కొన్ని తాగాం, కొన్నిటితో చేతులు కడుక్కున్నాం. మళ్ళీ నింపి పెట్టగా నేను చూడలేదు. క్యాన్ మధ్యాహ్నమంతా మా దగ్గరే ఉంది, ఖాళీగా. ఆయన నీళ్ళకోసం వచ్చి వెతుక్కుని వెళ్ళిపోయాడు. నేను చూస్తూ కూర్చున్నాను."

"క్యాన్ ఎవరు తెచ్చారు?"

గాస్పార్ నేలచూపులు చూస్తున్నాడు. అతని మెడమీద నరం కొట్టుకోవడం ఇక్కడికి కనిపిస్తోంది.

"గాస్పార్ తెచ్చాడు. అడిగింది నేను. నేనడక్కపోతే అతను తెచ్చేవాడు కాదు. అది కూడా రాసుకోండమ్మా."

ఆమె రాసుకుంది. రాసినదంతా చదివి వినిపించి సంతకం పెట్టించుకుంది. అధికారులు వచ్చి చూసేదాకా తోటలో పని జరగడానికి వీల్లేదని రెజీస్‌కి చెప్పి వెళ్ళిపోయారు. గోడమీదివాళ్ళకి ఆ మాట ఒకరినుంచి ఒకరికి చేరడం చూశాడు యోరిస్. ఎవరూ అరవలేదు. ఒకడు టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

రెజీస్ మెట్లెక్కి వచ్చాడు. కోపంగా ఉంటాడనుకున్నాడు యోరిస్. ఉన్నట్టుండి ముసలితనం మీదపడినట్టు ఉన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజం."

"నింపలేదని గాస్పార్ నాకు చెప్పలేదు." మల్బరీ చెట్టువైపు తిరిగి, "నేనూ ఆ చెట్టుకిందే ఉన్నాను కదరా. పక్కనే ఉంది క్యాన్. నేనెందుకు చూడలేదు?" అన్నాడు. అది ప్రశ్నో, తనని తాను తిట్టుకోవడమో తెలియలేదు. అంతలోనే మొహం గట్టిపడింది. "నాతో ముందు చెప్పి ఉండాల్సింది. సెల్లారులో చెప్పాల్సింది. నా ఇంట్లో కూర్చుని, పోలీసుల ముందు కాదు. నీ వైన్ పెట్టెలు పొద్దున్నే కార్లో పెట్టించాను. తీసుకెళ్ళు. ఇంక ఈ గడప తొక్కకు."

యోరిస్ మెట్లు దిగాడు.

కారు దగ్గరికి వెళ్ళేసరికి రాద్కా అడ్డంగా నిలబడి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది.

"దండం పెట్టి అడిగాను మిమ్మల్ని. మీకేం, ఇంటికి పోతారు. మంచిమాట చెప్పానని హాయిగా నిద్రపోతారు. మేమెక్కడికి పోవాలి? వాళ్ళ మొహాలు చూడండి. నన్నెలా చూస్తున్నారో చూడండి!"

గోడమీదివాళ్ళు నిజంగానే ఆమెనే చూస్తున్నారు. క్షమించమనడం కూడా ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టే ఉంటుందని యోరిస్‌కి అనిపించింది.

లీస్బెట్ వెనక తలుపు తీసింది. సీటుమీద వైన్ పెట్టెలున్నాయి. ఒక్కొక్కటే ఎత్తి, పొట్టకి ఆనించుకుని, మెట్ల పక్కన దించింది. బరువుకి ముందుకి వంగిపోతుంటే యోరిస్ సాయం వెళ్ళబోయాడు. వద్దన్నట్టు తల ఊపింది. ఆఖరిది దించి, సీటు దులిపి, "ఎక్కమ్మా" అంది రాద్కాతో. "ఆసుపత్రికి ఇంతవరకూ నిన్నెవరూ తీసుకెళ్ళలేదు కదా."

రాద్కా కదల్లేదు. గుడారాలవైపు చూసింది, గోడవైపు చూసింది. తరవాత పరుగులాంటి నడకతో వెళ్ళి తడిచొక్కా ఉన్న సంచీ తెచ్చుకుని ఎక్కి కూర్చుంది.

యోరిస్ ఆసుపత్రి దారి పట్టాడు. పడమటి వైపు మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. కొయ్యకుండా మిగిలిపోయిన తోటల్లో జనం హడావిడిగా బక్కెట్లు మోస్తున్నారు. అద్దంలో రాద్కా మొహం కనిపిస్తూనే ఉంది. ఆమె ఒక్కసారి కూడా ముందుకి చూడలేదు. ఆసుపత్రి గేటు దగ్గర కారు ఆగీ ఆగకముందే తలుపు తోసుకుని దిగి, విసురుగా వేసేసి, లోపలికి నడిచింది.

"వెళ్దామా?" అంది లీస్బెట్ నెమ్మదిగా.

యోరిస్ గేరు మార్చబోతుండగా కిటికీ అద్దంమీద వేళ్ళతో కొట్టిన చప్పుడైంది. రాద్కా వెనక్కి వచ్చింది. అద్దం దించాడు. ఆమె మొహంలో కోపం అలాగే ఉంది.

"డాక్టరు అడుగుతోంది. ఎంతసేపు ఎండలో ఉన్నాడు, ఎప్పుడు పడిపోయాడు, ముందు ఏమైనా తాగాడా అని. నాకొచ్చిన ముక్కలు చాలట్లేదు." కారు తలుపు తీసింది. "రండి. మీరు చూశారుగా, మీరే చెప్పండి."

యోరిస్ ఇంజను ఆపి కారు దిగాడు. ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది.